నా కడుపులో గండభేరుండం

నాకు చదవడం రాదు. రాయడం అంతకన్నా రాదు. అయినా ఎవరేం రాసినా నా మీదే రాయాలి, ఎవరేం చదివినా నా దగ్గరికే రావాలి. నేను ఒక హార్డ్‌డిస్కును. లాప్‌టాప్ మూత ఎత్తి మీరు మురిసిపోయే ఆ తెర కింద, మీ మణికట్టు ఆనే చోట, చీకట్లో పడి తిరిగే ఇనప డబ్బాను. నాలుగు అగ్గిపెట్టెలు పక్కపక్కన పేరిస్తే ఎంతో అంతే ఉంటాను. మీరు తెర తుడుస్తారు, మీటల మధ్య దుమ్ము ఊదుతారు. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని గుర్తొచ్చేది మాత్రం నేను పోయేటప్పుడే. లోకం తీరే అంత. మూట మోసేవాడి పేరు మూట కిందపడ్డాకే అడుగుతారు.

దేశం కాని దేశంలో, దుమ్ము రేణువు కూడా చొరబడని గదిలో పుట్టాను. కళ్లు తప్ప ఒళ్లంతా తెల్లబట్ట చుట్టుకున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. నా లోపల అద్దంలా మెరిసే ఒక గుండ్రటి రేకు ఉంది. అది నిమిషానికి ఐదు వేల నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. దాని పైన ఒక చెయ్యి, ఆ చేతి చివర ఒక ముల్లు. మీ వెంట్రుకను పదివేల చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత ఎత్తున ఆ ముల్లు రేకు మీద తేలుతూ రాస్తుంది, చదువుతుంది. తగిలిందా, చచ్చానన్నమాటే. ఇంత ప్రాణభయంతో బతికేదాన్ని తీసుకొచ్చి మీరు బస్సులో ఒళ్లో పెట్టుకుంటారు, మంచం మీద గిరాటేస్తారు. సరే, మీ ఇష్టం.

ఓడ ఎక్కాను, లారీ ఎక్కాను, ఒక లాప్‌టాప్ పొట్టలో కుదురుకున్నాను. అనంతపురంలో ఒక కొట్టు అద్దాల వెనక మూడు నెలలు నిలబడ్డాక నన్ను కొనుక్కున్నవాడు చౌడప్ప. ధర్మవరం మనిషి. నలభై ఎనిమిదేళ్లు. పట్టుచీరలకు డిజైన్లు గీసే పని. ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం గుంతలోకి కాళ్లు దించినవాడు, అక్కడి నుంచి కంప్యూటర్ దాకా తనంతట తానే పాక్కుంటూ వచ్చాడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఏ బొమ్మ మీద నొక్కితే ఏమవుతుందో మాత్రం వేళ్లకు తెలుసు. నేనసలు బడి మొహమే చూడలేదు కదా. జత బాగా కుదిరింది.

చౌడప్పకు లోకం మీద ఒక కసి ఉంది. అతను నెలలకొద్దీ కూర్చుని గీసిన డిజైను మగ్గం మీద నుంచి దిగకముందే పై ఊళ్ల మరమగ్గాల మీదికి ఎక్కేస్తుంది. ఎవడు ఎత్తుకుపోతాడో తెలియదు. అందుకని నన్ను కొన్న రోజే ఒక పని చేశాడు. పెన్‌డ్రైవ్ గుచ్చే బెజ్జాలన్నింటికీ ఎం‌సీల్ ముద్ద పూసేశాడు. ఇంటర్నెట్ అనే మాట గుమ్మం తొక్కనివ్వలేదు. 

"రెండో సోట ఉన్యాదంటే అది మనది గాదే, తులసీ. ఒక్క సోటే ఉండల్ల. దీంట్లోనే," అని పెళ్లానికి చెప్పి నా నెత్తి మీద తట్టాడు.

నేను పొంగిపోయాను. పిచ్చిదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. తులసమ్మ వాళ్లమ్మ కొండమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. చౌడప్పకు సొంత మేనత్త. ఆ ఇంట్లోనే, మగ్గం గది పక్కన నులక మంచం మీద ఉంటుంది. ఆమె పెట్టెలో ఒక చీర ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆమె మొగుడు ఆమె కోసమే నేసిన చీర. కొంగు నిండా ఒక గండభేరుండం, రెండు తలల పక్షి. అలాంటి పక్షి ఆ ఊళ్లో ఇంకో చీర మీద లేదు. అరవై ఏళ్ల పట్టు, మడతల దగ్గర నెర్రెలిచ్చింది.

"అత్తా, ఒకతూరి ఇయ్యి. పోగుపోగూ లెక్కపెట్టి కంప్యూటర్లో ఎక్కిస్తా. మల్ల కొత్తది నేసి ఇదే చీర నీ చేతిలో పెడతా," అన్నాడు చౌడప్ప.

"మాటేనా?"

"సౌడేశ్వరమ్మ తోడు."

ఇచ్చింది. ఎనిమిది నెలలు భూతద్దం పెట్టుకుని అతను లెక్కపెట్టాడు. పోగుకొక గడి చొప్పున బొమ్మ నా మీద పడుతుంటే నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. అయితే లెక్కపెట్టాలంటే చీర లాగి పట్టాలి. లాగితే పట్టు చిరిగేది. లెక్క పూర్తయ్యేసరికి కొంగు పేలికలైంది. ఆ పేలికల్ని పాత జరీ కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు తులసమ్మ వాళ్లమ్మకు తెలియకుండా ఇచ్చేసి ఒక స్టీలు బకెట్టు తీసుకుంది. పాత పట్టుచీర ఇచ్చి సామాను తీసుకోవడం ఆ ఊళ్లో మామూలే. వాడు దాన్ని కాల్చి వెండి తీసుకుంటాడు. చౌడప్ప కూడా సరేలే అన్నాడు. పక్షి మొత్తం నా కడుపులో భద్రంగా ఉంది కదా మరి!

అలా లోకంలో ఆ గండభేరుండానికి మిగిలిన గూడు నేనొక్కదాన్నే అయ్యాను. మగ్గం మీద కొత్త చీర ఎక్కింది. ఒళ్లు, అంచు సగం పైగా నేశారు. మగ్గం మీద ఏ పోగు ఎప్పుడు లేవాలో చెప్పే అట్టలు కొంగుకు కొట్టించడమే మిగిలింది. ఆ అట్టల మీద బెజ్జాలు నా దగ్గరున్న గడులను బట్టే పడాలి.

అప్పుడొచ్చింది దసరా.

ఆ ఇళ్లల్లో దసరాకు మగ్గానికి పూజ చేస్తారు. అడ్డపోగు మోసే నాడె కడిగి, పోగును దగ్గరికి కొట్టే పలకకు పసుపు రాసి, కత్తెరకూ తక్కెడకూ కూడా బొట్టు పెడతారు. అన్నం పెట్టేదేదైనా దేవుడే. ఆ లెక్కన నన్నూ పీట మీదికెక్కించారు. ఆ ఇంటికి వచ్చి పదకొండు నెలలైన బిడ్డను. నా లాప్‌టాప్ మూత మీద గంధం, పక్కన నిమ్మకాయలు, బంతిపూలు. అంతవరకూ బాగానే ఉంది.

"ఆపి పెట్టినావే? పూజకాడ దీపం ఆర్పుకుంటారా ఎవరన్నా? ఆన్ చెయ్యి," అంది తులసమ్మ.

చేశాడు. నేను తిరగడం మొదలుపెట్టాను. ఐదు వేల నాలుగు వందల చుట్లు. ముల్లు వెంట్రుక చీలికంత ఎత్తున తేలుతోంది. చౌడప్ప అదే బల్ల మీద, నాకు జానెడు దూరంలో రాయి పెట్టి కొబ్బరికాయ ఎత్తాడు.

ఠాప్!

పగల్లేదు. నా గుండె ఆగింది. ఇంట్లోవాళ్ల గుండె కూడా ఆగింది, కాయ పగలకపోతే అపశకునమని. అందుకని రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. అప్పుడూ పగల్లేదు. మూడోసారి పళ్లు బిగించి, చౌడేశ్వరమ్మను తలుచుకుని, ఉన్న బలమంతా వేసి...

పగిలింది. నీళ్లు చిమ్మాయి. "పువ్వు వచ్చింది సూడు! ఈ ఏడు మనకు బాగుంటాది!" అని తులసమ్మ చేతులు జోడించింది. లోపల నా ముల్లు రేకును గీరుకుంటూ పోయింది. కాయలో పువ్వు, నాలో గాటు. నా క్షేమం కోరి చేసిన పూజలోనే నేను పోయాను. మీ మనుషుల ప్రేమకు ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

వారం తిరక్కుండా నేను టిక్ టిక్‌మనడం మొదలుపెట్టాను. పక్షి బొమ్మ తెరవమంటే రాగిసంగటి ఉడికేంత సేపు పట్టేది. ఒకరోజు తెర నీలంగా అయి తెల్లటి అక్షరాలు కక్కింది. చౌడప్ప ఆపాడు, మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ ఆపాడు, మళ్లీ చేశాడు. వీపు మీద చరిచాడు. తులసమ్మ నిమ్మకాయ దిగదుడిచింది. ఎదురింటి రామాంజులు మిక్సీలు బాగుచేస్తాడు కాబట్టి ఆ వీధికి ఇంజనీరు.

"ఏడెక్కిందప్పా, అంతే. ఫ్రిజ్జులో పెట్టు, గంటలో సల్లబడుతుంది," అన్నాడు.

"నీకు తెల్సా?"

"మా బామ్మర్ది చేసినాడు."

"బాగయిందా?"

"అది నేనడగలే."

పెట్టారు! దోసెల పిండి గిన్నెకూ కరివేపాకు కట్టకూ నడుమ గంటసేపు వణికాను. బయటికి తీస్తే ఒళ్లంతా చెమట. ఆ తడితోనే మళ్లీ ఆన్ చేశారు. నేను కేకపెట్టాను. అది మీకు 'కిర్ర్' అని వినిపించి ఉంటుంది.

కంపెనీకి ఫోన్ చేశాడు చౌడప్ప. ఏడాది నిండలేదు కదా, వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కొత్త డిస్కు ఉచితంగా వేస్తారట. పాతది వాళ్లకు ఇచ్చేయాలట. అందులో ఉన్నదానితో వాళ్లకు సంబంధం లేదట.

"కొత్త చెప్పులిస్తాం, కాళ్లు కోసిచ్చి పో అన్నట్టుంది గదప్పా నీ మాట!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు. 

మంచం మీద నుంచి కొండమ్మ అడిగింది. "ఏమైందిరా, సౌడప్పా? కొంగెప్పుడు నేస్తావు?"

అతను మగ్గం గదిలోకి తప్పుకున్నాడు. పొద్దున్నే పెరట్లోకి పోతే అక్కడ తులసమ్మ ఆ స్టీలు బకెట్టుతో నీళ్లు తోడుతూ ఉండేది. దాన్ని చూసి మొహం తిప్పుకునేవాడు. చీరా లేదు, పేలికలూ లేవు, పక్షీ పోయే దారిలో ఉంది. మొగుడు నేసిన ఒక్క చీర నమ్మి చేతిలో పెట్టిన మనిషికి ఏమని చెప్పాలి?

స్టేషన్ రోడ్డులో గౌసియా అని ఒకామె ఉంది. ముప్పై రెండేళ్లు. లాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న కొట్టు. చౌడప్ప అక్కడికి తీసుకుపోతే, ఆమె నన్ను లాప్‌టాప్‌తో సహా చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక్కసారి కళ్లు మూసుకుంది. అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు.

"ఎన్నిసార్లు ఆన్ చేసినావన్నా, టిక్ టిక్‌మన్యాక?"

"ముప్పై సార్లుంటాది."

"ముప్పై సార్లు పొడిసినావన్నా దాన్ని. ఇంకో కాపీ లేదా?"

"లేదు."

"పెన్‌డ్రైవ్ బెజ్జాల్లో ఇదేంది, మట్టి?"

"ఎం‌సీల్."

గౌసియా అతని వంక చూసింది, నా వంక చూసింది, నవ్వు ఆపుకుంది. "దొంగలు రాకూడదని తలుపుకు గోడ కట్టుకున్న్యావు. ఇప్పుడు ఇల్లు కాల్తాంది, బయటికి రాను దారి లేదు."

నన్ను లాప్‌టాప్ పొట్టలోంచి బయటికి తీసింది. పుట్టాక మొదటిసారి వెలుతురు తగిలింది. ఒక వైరు తగిలించి, ఎదురుగా ఆరోగ్యంగా ఉన్న ఇంకో డిస్కును పెట్టింది. "ఇది ఇంకొక్కసారే తిరుగుతుందన్నా. బాగున్న జాగాలు ముందు తీసుకుంటా. గాయం కాడికి చివర్లో పోతా, అదీ వెనక నుంచి. నడమ కరెంటు పోతే సచ్చినామే. బ్యాటరీ పెట్టినా, అయినా నువ్వు నీ దేవుణ్ణి తలుచుకో, నేను నా దేవుణ్ణి తలుచుకుంటా. కొబ్బరికాయ మాత్రం వద్దు."

మొదలైంది! అయ్యా, నా బతుకులో అంత ఉత్సాహం ఎప్పుడూ లేదు. పోతానని తెలుసు. పోయేలోగా ఉన్నదంతా అవతలివాడి చేతిలో పెట్టాలి. పదిశాతం, ముప్పై, యాభై. ముల్లు కుంటుతోంది, అయినా పరిగెత్తాను. మధ్యాహ్నానికి ఎనభై దాటింది. కొట్టు ముందు జనం చేరారు. టీ కొట్టాయన, ఛార్జర్ కొనడానికి వచ్చి మర్చిపోయినాయన, చౌడప్ప వెంట వచ్చిన రామాంజులు. అందరి కళ్లూ తెర మీది అంకె మీదే. తొంభై. తొంభై నాలుగు. అక్కడ గాటు తగిలింది. టిక్. టిక్. టిక్. అంకె కదల్లేదు.

"ఒక దెబ్బేస్తే..." అన్నాడు రామాంజులు.

"ఆయప్పను బయటికి పంపన్నా!" అంది గౌసియా, తల తిప్పకుండా.

గాటుకు అవతలి కొస నుంచి వెనక్కి చదివించుకుంటూ వచ్చింది. ఒక్కో గడీ, ఒక్కో గడీ. తొంభై ఐదు. చౌడప్ప బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. తొంభై ఎనిమిది. నాలో ఏదో తెగింది. రేకు తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి ఆగిపోయింది. అంతే. ఇక నేను లేను.

మరి మిగతా కథ ఎలా చెబుతున్నావని అడుగుతారు. ఆత్మకథ చెప్పుకునేదానికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. మీరు చెప్పుకునే కథల్లో మాత్రం అన్నీ చూసినవేనా?

గౌసియా పక్షి బొమ్మ తెరిచింది. తెర మీద గండభేరుండం రెక్క విప్పింది! జనం 'హో' అన్నారు. చౌడప్ప కూర్చుండిపోయాడు. అప్పుడు కనిపించింది గాటు. మగ్గం మీద ఆ పక్షి అడ్డంగా పడుకుని ఉంటుంది. ఎడమ రెక్కతో మొదలుపెట్టి, ఎడమ తల, ఒళ్లు, కుడి తల, కుడి రెక్క, అలా వరసలు నేసుకుంటూ పోతారు. ఆ వరసల్లో నలభై ఆరు ఖాళీ. ఎడమ తల ఉండాల్సిన చోట నల్లటి పట్టీ.

"దీనికేముందన్నా, కుడి తల ఉంది గదా. అద్దంలో చూపిచ్చినట్ల తిప్పి అతికిస్తే సరి," అంది గౌసియా. నిమిషంలో అతికించింది. రెండు తలలూ సరిసమానం, రెండు ముక్కులూ మూసుకుని, ఎంతో బుద్ధిగా.

ఆ బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, చచ్చిన నన్ను జేబులో వేసుకుని చౌడప్ప ఎగురుకుంటూ ఇంటికి పోయాడు. కొండమ్మ మంచం మీద కాగితం పరిచాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, వేలితో రెక్క తడిమి, మెడ తడిమి, ముక్కు దగ్గర ఆగింది.

"ఇది నాది గాదు."

"అదేందత్తా! పోగుపోగూ లెక్కపెట్టినా గదా."

"ఎడం తల నోరు తెర్సుకోనుండల్ల. ఇది మూసుకోనుంది. ఎవురిదో చీర తెచ్చి నాదంటావేరా?"

చౌడప్ప కాగితం మీదికి వంగి చూశాడు. ఎనిమిది నెలలు అతను లెక్కపెట్టింది పోగులను, చూసింది గడులను. పక్షిని చూడలేదు. నేనూ అంతే అనుకోండి. తులసమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను ఉన్నదంతా చెప్పేశాడు. కొబ్బరికాయ, ఫ్రిజ్జు, నల్లపట్టీ, చివరికి స్టీలు బకెట్టు కూడా. కొండమ్మ తల తిప్పి పెరట్లోకి చూసింది. "ఆ బకెట్టేనా? మంచి బరువుంటాది," అంది. నవ్వడం మొదలుపెట్టింది.

"ఆ నోరు ఎందుకు తెర్సుకునిందో తెల్సునా మీకు? అప్పుట్లో ఈ అట్టలు యాడివి? మీ మామ నేస్తాంటే పక్కన కూకోని నేను తాళ్లు లాగల్ల. ఏ తాడు లాగితే ఆ పోగు లేస్తాది. కొత్త పెండ్లికూతుర్ని, నోరు ఊరికే ఉంటాదా? మాట్లాడతా మాట్లాడతా లాగడం మర్సిపోతి. ఆరు వరసలు! సూసుకునేతలికి ముక్కు తెర్సుకునింది. సంపుతాడనుకుంటి. ఆయప్ప సూసి, 'పోనీలే, ఒక తల నేను, ఒక తల నువ్వు. నీది వాగుతానే ఉండనీ' అన్న్యాడు."

 చౌడప్ప గీతల కాగితం, పెన్సిలు తెచ్చుకుని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆ ఆరు వరసలు చెప్పత్తా."

"నోటికి రాదురా. చేతికొస్తాది."

తులసమ్మ పరిగెత్తి పట్టుపోగులు తెచ్చింది. మంచం పట్టెకు వరసగా కట్టింది. కొండమ్మ కళ్లు మూసుకుని వేళ్లు పోగుల మీదికి పోనిచ్చింది. మొదటిసారి తప్పింది. రెండోసారి తప్పింది. "ఇట్ల గాదు, ఎవరన్నా మాట్లాడాల నాతో," అంది. అప్పుడు చౌడప్ప మామ సంగతులు అడగడం మొదలుపెట్టాడు, ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏ తిరునాళ్లకు పోయారో, ఏ సినిమాకు తీసుకుపోతానని ఎగ్గొట్టాడో. చెబుతూ చెబుతూ ఆమె వేళ్లు తమ దారిన తాము పోయాయి. మూడు లాగి, రెండు వదిలి, ఐదు లాగి... ఆగి, వదిలేసి... చౌడప్ప పెన్సిలు పరిగెడుతోంది. నలభై ఆరు వరసల్లో నలభై, గౌసియా తిప్పి అతికించినవే సరిపోయాయి. ఆరు మాత్రం ముసలామె వేళ్లలో ఉన్నాయి. వెయ్యి జీబీల పొట్ట నాది. ఒక్క కొబ్బరికాయకు పోయింది. అరవై ఏళ్లలో ఆమె ఎన్ని దెబ్బలు తిన్నదో లెక్కే లేదు.

ఆ సాయంత్రమే చౌడప్ప లాప్‌టాప్ బెజ్జాల్లోని ఎం‌సీల్ పెకలించాడు. పక్షికి ఇప్పుడు మూడు కాపీలు. ఒకటి గౌసియా దగ్గర, ఒకటి ఆమె వేసిన కొత్త డిస్కులో, ఒకటి కాగితం మీద కొండమ్మ పెట్టెలో. ఎత్తుకుపోతే పోనీ అన్నాడు. కసి తగ్గిందని కాదు, పాఠం ఎక్కింది.

నన్ను కంపెనీకి ఇవ్వలేదు. గౌసియా నా మరలు విప్పింది. లోపలి రేకును తీసి తుడిస్తే అంచున ఒక గీటు తప్ప మొహం కనిపించేంత మెరుపు. దాన్ని చౌడప్ప మగ్గం గదికి తెచ్చుకున్నాడు.

నేతలో ఒక చిత్రం ఉంది. చీరను బోర్లా నేస్తారు. అసలు మొహం కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వీపే. బొమ్మ సరిగ్గా పడుతోందో లేదో చూడాలంటే కిందికి అద్దం పెట్టాలి. ఇప్పుడు ఆ అద్దాన్ని నేనే.

నిన్న మధ్యాహ్నం కొంగు సగానికి వచ్చింది. కొండమ్మ మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుంది. నన్ను పట్టుకుని చెయ్యి చీర కిందికి చాచింది. ఎనిమిది నెలలు నా కడుపులో మోసిన పక్షి! గడులుగా, లెక్కలుగా తప్ప ఒక్కనాడూ చూడని పక్షి! బంగారు మెడ, ఎర్రటి రెక్క, చివరికి ఆ తల. నా మొహం నిండా అదే.

"తెర్సుకునిందా?" అని గుంతలోంచి అడిగాడు చౌడప్ప, నాడె చేత్తో పట్టుకుని.

కొండమ్మ నన్ను ఇంకాస్త వంచి చూసింది.

"తెర్సుకునింది. ఏమి వాగుతాందో సూడు! నువ్వు నెయ్యిరా, దాన్ని ఆపద్దు."